పెన్ను మీ చేతిలోనే ఉండాలి

అందరికీ నమస్తే. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోంది కదా? ఈ వారంలో మీకు హాస్టల్ గురించి, లైబ్రరీ గురించి, ఎగ్జామ్ రూల్స్ గురించి ఇప్పటికే బోలెడు చెప్పేసుంటారు. లెర్నింగ్ సెంటర్ అనేది ఆ లిస్టులో చివర్లో ఒక లైను మాత్రమే, "చదువులో వెనకబడిన విద్యార్థులకు సహాయం" అని. ఆ లైను నాకు అస్సలు నచ్చదు, ఎందుకు నచ్చదో చెప్దామనే ఇవాళ మైకు అడిగి తీసుకున్నాను.

నేను ఆ లెర్నింగ్ సెంటర్‌లో ట్యూటర్‌ని. మా దగ్గరికి స్టూడెంట్స్ ఎక్కువగా ఎప్పుడొస్తారంటే మిడ్ మార్కులు వచ్చాక. అప్పటికి సెమిస్టర్ సగం అయిపోయుంటుంది. తలుపు దాకా వచ్చి, లోపల తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో అని తొంగి చూసి, ఉంటే వెనక్కి వెళ్లిపోయేవాళ్లని కూడా చూశాను, నిజంగా చాలా బాధేస్తుంది. ఎందుకంటే వాళ్లకి రానిది సబ్జెక్ట్ మొత్తం కాదు, మూడో వారంలో ఏదో ఒక్క ముక్క అర్థం కాలేదు, సర్లే తర్వాత చూద్దాం అనుకున్నారు, ఈలోపు దానిమీదే ఇంకో మూడు చాప్టర్లు వచ్చి కూర్చున్నాయి. ఆ ఒక్క ముక్కకి మూడో వారంలో అరగంట చాలేది. ఇప్పుడు మొత్తం తవ్వుకుంటూ వెనక్కి వెళ్లాలి.

అసలు ఈ "వీక్ స్టూడెంట్" అనే మాటనే పక్కన పెట్టేసిన ఒక పద్ధతి ఉంది. 1973లో అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీ, కాన్సస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ అనే ఆవిడ మొదలుపెట్టారు, సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఆవిడ ఏం చేశారంటే ఎవరు వీక్, ఎవరు స్ట్రాంగ్ అని పిల్లల్ని ఏరడం మానేసి కోర్సుల్ని ఏరారు. ఏ కోర్సులో 30 శాతం, అంతకంటే ఎక్కువమంది తక్కువ గ్రేడ్‌తో బయటపడటమో, ఫెయిలవ్వడమో, మధ్యలో వదిలేయడమో జరుగుతోందో ఆ కోర్సే కష్టమైన కోర్సు అన్నమాట, పిల్లలది కాదు తేడా. అంతకుముందు ఆ కోర్సు బాగా చేసిన సీనియర్ మళ్లీ అదే క్లాసులో కూర్చుని, నోట్స్ రాసుకుని, బయట వారానికి కొన్ని సెషన్స్ పెడతారు, ఇష్టమున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. టాపర్ కూడా రావచ్చు, వస్తారు కూడా. అందరూ వచ్చే చోటికి రావడానికి ఎవరికి మొహమాటం? నాకైతే ఇది చాలా గొప్ప ఆలోచన అనిపిస్తుంది, చూడ్డానికి చిన్న మార్పే గానీ ఆ తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాడి భయం మొత్తం తీసేస్తుంది.

ఇంకొకాయన ఉన్నారు, యూరి ట్రైస్‌మన్, అమెరికాలోనే కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ క్యాంపస్‌లో లెక్కల మనిషి. 1970ల్లో కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఎందుకు దెబ్బతింటున్నారు అని చూడటం మొదలుపెట్టారు. ప్రిపరేషన్ లేదేమో, ఆసక్తి లేదేమో, ఇంట్లో పట్టించుకోరేమో అని చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా అన్నారు, ఆయన ఆ మాటలు నమ్మి ఊరుకోకుండా వెళ్లి వాళ్లతో ఉండి గమనించారు. చూస్తే వాళ్లు కష్టపడుతూనే ఉన్నారు, కాకపోతే ఒంటరిగా. అదే క్లాసులో చైనా మూలాలున్న స్టూడెంట్స్ మొదట ఎవరికి వాళ్లు చేసుకుని తర్వాత కలిసి కూర్చుని ఒకళ్ల లెక్కలు ఒకళ్లు దిద్దుకుంటున్నారు, ఎవరెక్కడ ఆగారో మిగతావాళ్లకి తెలుసు. దాంతో ఆయన వర్క్‌షాపులు పెట్టారు, అవి సులువు లెక్కల రెమెడియల్ క్లాసులు కావు, కష్టమైన లెక్కలు ఇచ్చి గుంపుగా కూర్చోబెట్టి చేయించడం. బాగా పనిచేసింది. ఒంటరిగా గంటలు గంటలు కూర్చోవడమే శ్రద్ధ అనుకునేవాళ్లు మీలో కూడా ఉంటారు, వాళ్లకోసమే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఇప్పుడు లోపలికి వచ్చాక ఏం జరుగుతుందో చెప్తాను. ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ట్యూటర్‌గా చేరిన మొదటి వారం ఒకబ్బాయి వచ్చాడు, వాడి అసైన్‌మెంట్ లెక్కలు నేనే పెన్ను తీసుకుని ఒక్కోటీ నీట్‌గా చేసి చూపించాను, "అన్నా, అంతా క్లియర్" అన్నాడు, ఇద్దరం సంతోషంగా లేచాం. తర్వాతి వారం అదే మోడల్ లెక్క, నంబర్లు మాత్రమే వేరు, పట్టుకొచ్చి మొదటి స్టెప్ దగ్గరే ఆగిపోయాడు. వాడి తప్పేం లేదు. నేను చేస్తుంటే చూడ్డం వాడికి వచ్చింది, చెయ్యడం రాలేదు. నేనేమో వాడికి చేసే అవకాశమే ఇవ్వలేదు.

ఆరోజు నుంచి నేను స్టూడెంట్ పేపర్ మీద పెన్ను పెట్టను. మొన్నొక అమ్మాయి వచ్చింది, డెరివేటివ్స్, అంటే ఒకటి మారుతుంటే ఇంకోటి ఎంత వేగంగా మారుతుందో కనుక్కునే లెక్కలు. బ్రాకెట్లో 3 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1, హోల్ పవర్ 5. తను 5 ఇంటూ ఆ బ్రాకెట్ పవర్ 4 అని రాసి ఆపేసింది, వెనక జవాబుల్లో చూస్తే 5 ఉండాల్సిన చోట 30 ఎక్స్ ఉంది, అదెక్కడ్నుంచి ఊడిపడిందో తెలీక రాత్రంతా కూర్చుందట. చైన్ రూల్, లోపలదాని డెరివేటివ్‌తో కూడా గుణించాలి అని నేను ఒక్క ముక్కలో చెప్పేయచ్చు. చెప్పలేదు. "చిన్నది చేద్దాం, ఎక్స్ స్క్వేర్ హోల్ స్క్వేర్, నీ పద్ధతిలోనే చెయ్యి" అన్నాను. 2 ఎక్స్ స్క్వేర్ అని రాసింది. "ఇప్పుడు బ్రాకెట్ తీసేసి చెయ్యి" అన్నాను. ఎక్స్ పవర్ 4, డెరివేటివ్ 4 ఎక్స్ క్యూబ్. రెండూ ఒకటే లెక్క, రెండు జవాబులు. పేపర్ వైపే చూస్తూ ఉండిపోయింది, నేనూ ఏం మాట్లాడలేదు. కాసేపటికి తనే "మధ్యలో 2 ఎక్స్ తగ్గింది... అది లోపలదాని డెరివేటివ్ కదా, లోపలది కూడా మారుతోంది కదా" అని, నేను చెప్పకుండానే పై లెక్కకి వెళ్లి 6 ఎక్స్ రాసి, 5 ఆర్ల 30 అని కొట్టింది. ఆ పిల్ల మొహం మీరు చూడాల్సింది!

ఆ ఏం మాట్లాడకుండా ఉండటం ఉంది చూశారూ, అదే కష్టం. మేరీ బడ్ రో అని అమెరికాలో సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన ఆవిడ క్లాస్‌రూముల్లో టీచర్లు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సుమారుగా 1 సెకను. అంతే. కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మా కొత్త ట్యూటర్లకి నేను మొదట నేర్పేది ఇదే. అందుకని మీరు వచ్చినప్పుడు ట్యూటర్ అడిగి ఊరుకుంటే వాళ్లకి రాదేమో అనుకోకండి, మీకోసం ఆగుతున్నారు.

చాలామంది అడిగే ఇంకో మాట, "చదివిందే నాలుగుసార్లు చదివానన్నా, అయినా ఎగ్జామ్‌లో గుర్తు రాలేదు" అని. 2006లో రోడిగర్, కార్పికి అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠం చదివి మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే కాస్త ముందున్నారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది, మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం, మూసి రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది. ఎగ్జామ్ 5 నిమిషాల తర్వాత ఉండదు కదా. అందుకే మా సెషన్ మొదట్లో తెల్ల కాగితం ఇచ్చి, పోయిన క్లాసులో ఏం జరిగిందో నోట్స్ చూడకుండా రాయమంటాం, విసుక్కుంటారు, ఫర్లేదు, ఎక్కడ ఖాళీ ఉందో ఆ కాగితమే చూపిస్తుంది.

రాసే పనులకి కూడా రావచ్చు, ఎస్సేలు, ల్యాబ్ రిపోర్టులు, ప్రాజెక్ట్ రిపోర్టులు. మీ తప్పులన్నీ ఎర్ర ఇంకుతో దిద్ది ఇచ్చేయం, అది ముందే చెప్తున్నా. మీచేతే పైకి చదివిస్తాం, చదువుతూ చదువుతూ వాక్యం ఎక్కడ తడబడిందో మీ చెవికే తెలుస్తుంది. అసైన్‌మెంట్ మేం చేసిపెట్టం, అది మీ పని, మీ మార్కు.

మొదటిసారి వచ్చేటప్పుడు చేసినంతవరకు పట్టుకురండి, తప్పైనా సరే, కొట్టేసినవైనా సరే. నిజానికి కొట్టేసిన పేజీలే మాకు ఎక్కువ పనికొస్తాయి, మీరు ఎలా ఆలోచించారో అందులోనే ఉంటుంది. "ఈ చాప్టర్ మొత్తం అర్థం కాలేదు" అన్నా ఫర్లేదు గానీ, ఏ లైను దాకా అర్థమైందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుని వస్తే అక్కడ్నుంచే మొదలుపెట్టేస్తాం. మొదటి మూడు వారాలు సెంటర్ దాదాపు ఖాళీగా ఉంటుంది, అప్పుడే రండి, డౌట్ ఏం లేకపోయినా ఒకసారి వచ్చి కూర్చుని చూసి వెళ్లండి.

సరే, ఇప్పుడు మీరు అడగండి. ఏదైనా అడగచ్చు. ఎవరూ లేవకపోతే నేను వెంటనే మైకు పెట్టేసి వెళ్లిపోను, ఆగుతాను.