షెడ్డు మీద సోలార్ పెడితే మామిడి గుజ్జు గ్రీన్ అయిపోతుందా?

"మా ఫ్యాక్టరీ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టేశాం, ఇక మా సరుకు గ్రీన్" అంటారు చూడండి, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సోలార్ మంచిదే, పెట్టాల్సిందే. కానీ అది ఫ్యాక్టరీ కరెంటు లెక్క. సరుకు కార్బన్ ఫుట్‌ప్రింట్, అంటే ఆ సరుకు మొదటి నుంచి చివరిదాకా గాలిలో కలిపే వేడి పెంచే వాయువుల మొత్తం, అది వేరే లెక్క.

మన చిత్తూరు తోతాపురి గుజ్జునే తీసుకుందాం. ఎగుమతికి పోయే గుజ్జును సంచిలో నింపి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెట్టి పంపుతారు కదా, డ్రమ్ముకు 200 కిలోల పైనే పడుతుంది. ఇప్పుడు గుజ్జు వదిలేసి ఖాళీ డ్రమ్మును చూడండి. బరువు ఇంచుమించు 18 కిలోలు. ప్రపంచ సగటు చూస్తే టన్ను స్టీలు తయారవడానికి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, అంటే మీరు బాయిలర్ వెలిగించకముందే, ఒక్క కాయ కొయ్యకముందే, ఆ డ్రమ్ము సుమారు 36 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క మోసుకుని మీ గేటు లోపలికి వచ్చింది. షెడ్డు మీద ఎన్ని ప్యానెళ్లు పెట్టినా అందులో ఒక్క గ్రాము తగ్గదు, ఎందుకంటే అది ఎక్కడో స్టీలు ప్లాంటు కొలిమిలో పుట్టింది.

మరి ఎలా తగ్గుతుంది? ఒక్క ఫ్యాక్టరీ వెళ్లి డ్రమ్ములు చేసేవాళ్లను "స్క్రాప్ ఎక్కువ కలిసిన స్టీలు వాడండి, మీ డ్రమ్ము అసలు కార్బన్ అంకె చెప్పండి" అంటే ఎవరు పట్టించుకుంటారు? జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీలన్నీ కలిసి ఒకే ఆర్డరు పెడితే అప్పుడు వింటారు. అటు కొనేవాళ్లు ఆ డ్రమ్మును పారేయకుండా కడిగించి ఇంకోసారి వాడితే, కడిగే ఖర్చు, రవాణా పోను, భారం దాదాపు సగమవుతుంది. ఒక్క డ్రమ్ముకే ముగ్గురు కలవాలి, చూశారా!

"అంకె చెబితే మా వ్యాపార రహస్యం పోతుంది" అంటారు కొందరు. పోదు. ఐఎస్ఓ 14067 (సరుకు కార్బన్ లెక్కకు అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో లెక్కగట్టిన కిలోకింత కార్బన్ అనే అంకె ఇస్తే చాలు, మీ రేట్లు ఎవరూ అడగరు. ఇంకో భయం, బయటి నుంచి వచ్చే సరుకు మీద యూరప్ వేసే కార్బన్ పన్ను. 2026 జనవరి నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది గానీ స్టీలు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల లాంటి వాటికే, గుజ్జుకు లేదు. అనవసరంగా టెన్షన్ పడకండి.

టైమ్ అయిపోతోంది, తోట సంగతి త్వరగా చెప్పేస్తా. నత్రజని ఎరువులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది, వందేళ్ల లెక్కలో భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. ఎరువు తగ్గించమని రైతుకు చెప్పడం తేలికే, కానీ 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలు దక్కాలంటే అందులో 4 ప్రభుత్వమే వేయాల్సి వచ్చింది, అలాంటి రైతు మీద ఎరువు ఎంత చాలో తేల్చే మట్టి పరీక్షల ఖర్చు కూడా రుద్దడం అన్యాయం, దాన్ని ఫ్యాక్టరీ, కొనేవాళ్లు పంచుకోవాలి. ఇక తొక్క, టెంక: కుప్పపోస్తే కుళ్లి మీథేన్ వస్తుంది, అదీ వేడి పెంచే వాయువే. సీజను రెండు మూడు నెలలే కాబట్టి ఒక్క ఫ్యాక్టరీకి బయోగ్యాస్ ప్లాంటు గిట్టదు, నాలుగైదు కలిసి పెట్టి, మిగతా ఏడాది పాడి రైతుల పేడతో నడిపిస్తే కుదురుతుంది.

ఈసారి కొనేవాళ్ల నుంచి కార్బన్ వివరాల ఫారం వస్తే నింపి పంపండి, దాంతోపాటు మీరూ ఒకటి అడగండి: మా ఖాళీ డ్రమ్ములు అక్కడ ఏమవుతున్నాయి? ఏం చెప్పారో కింద కామెంట్లలో రాయండి.