ఊపిరితిత్తి చుట్టూ నీరు: అన్నిసార్లూ టీబీయేనా?

[తెరపై: రాయగడ స్టేషన్. ఎక్స్‌రే కవరు పట్టుకుని విశాఖ బండి కోసం చూస్తున్న తండ్రీకొడుకులు]

నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఎవరికైనా ఊపిరితిత్తికి నీరు పట్టిందంటే ముందు వినిపించే మాట టీబీ. చాలాసార్లు నిజమే. కానీ ఆ మనిషి ఒకప్పుడు ఆస్బెస్టాస్ అనే రాతినార కలిపే సిమెంటు రేకుల ఫ్యాక్టరీలోనో, బాయిలర్ పైపులకు ఆస్బెస్టాస్ తాడు చుట్టే పనిలోనో ఉండి ఉంటే మెసోథీలియోమా అనే క్యాన్సర్‌ని కూడా అనుమానించాలి. ఆస్బెస్టాస్ దుమ్ము పట్టిన బట్టలు ఇంట్లో ఉతికిన ఆడవాళ్లకూ వచ్చింది. దుమ్ము పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు బయటపడుతుంది కాబట్టి పాత కొలువు సంగతి ఎవరికీ తట్టదు. డాక్టరుగారు అడగకపోయినా మీరే చెప్పండి.

[తెరపై: తడిపిన రెండు పాలిథిన్ కవర్లు ఒకదానిపై ఒకటి జారుతున్నాయి]

ఊపిరితిత్తి మీద ఒక పొర, ఛాతీ గోడకు లోపల ఇంకో పొర. మధ్యలో రెండు మూడు చెంచాల నీరు, అంటే 10–20 మి.లీ. అది ఊరుతూ, బయటి పొరలోని సన్నటి రంధ్రాల గుండా ఇంకిపోతూ ఉంటుంది. పొరల మీద ఈ క్యాన్సర్ గడ్డ పెరిగితే ఆ రంధ్రాలు మూసుకుంటాయి, పొర నుంచి కారడం ఎక్కువవుతుంది. నీరు లీటర్లకు చేరి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. ఇది మనం తాగిన నీరు కాదు. దయచేసి రోగికి నీళ్లు మాన్పించకండి.

[తెరపై: మంచం అంచున కూర్చుని, ముందు బల్ల మీద తలగడకు చేతులు ఆనించిన రోగి]

చేరిన నీరు తీయడానికి అల్ట్రాసౌండ్‌లో చోటు చూసి, మత్తు సూది వేసి, పక్కటెముక పై అంచును ఆనుకుని సూది దించుతారు. ఎముక కింది అంచున నరం, రక్తనాళాలు ఉంటాయి మరి. ఒక్కసారికి సాధారణంగా లీటరున్నర దాటనివ్వరు. నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దాని లోపలే నీరు చేరవచ్చు. ఛాతీ బిగుసుకున్నా, దగ్గు ఆగకపోయినా వెంటనే చెప్పండి, ఆపేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. నీరు తీశాక ఆయాసం తగ్గాల్సింది పోయి పెరిగితే పొరల మధ్య గాలి చేరిందేమో, వెంటనే ఎక్స్‌రే.

అసలు పొరపాటు రిపోర్టు దగ్గర జరుగుతుంది. "నీటిలో క్యాన్సర్ కణాలు లేవు" అని రాగానే ఊపిరి పీల్చుకుంటాం. మెసోథీలియోమాను ఆ పరీక్ష సుమారు ముగ్గురిలో ఒకరికే పట్టిస్తుంది. నీటిలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉండటం టీబీలోనూ, ఇందులోనూ కనిపించేదే. నీటిలో ఒక ఎంజైమును కొలిచే ఏడీఏ పరీక్ష టీబీ వైపు చూపుతుంది గానీ అదొక్కటే చాలదు. ఊహ మీద టీబీ మందులు మొదలుపెట్టి, నీరు మళ్లీ చేరుతున్నా అవే కొనసాగిస్తే నెలలు పోతాయి. అప్పుడు అడగాల్సింది థొరకోస్కోపీ: చిన్న గాటులోంచి కెమెరా పంపి, పొర ముక్క తీసే పరీక్ష. బరంపురం, విశాఖ పెద్దాసుపత్రుల ఛాతీ విభాగంలో దీని గురించి అడగండి.

నీరు తిరిగి చేరుతుంటే క్రిములు లేకుండా శుద్ధి చేసిన టాల్క్ పొడి 4–5 గ్రాములు వేసి రెండు పొరల్నీ అతికిస్తారు. ఊపిరితిత్తి ఛాతీ గోడ దాకా విచ్చుకుంటేనే అది అతుకుతుంది. విచ్చుకోకపోతే సన్నటి గొట్టం అమర్చి, ఇంట్లోనే సీసాలోకి తీసుకునేలా నేర్పుతారు. గొట్టం చుట్టూ ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే ఆగకండి. ఇవి ఆయాసం తగ్గించేవే, క్యాన్సర్ వైద్యం వేరు.

[తెరపై: పాత గేట్ పాస్, పీఎఫ్ చీటీ]

ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా, పని వల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇప్పించే చట్టం జాబితాలో ఉంది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు దాచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. గేట్ పాస్, పీఎఫ్ చీటీ, జీతం స్లిప్పు ఏది దొరికినా ఎక్స్‌రే కవరులోనే పెట్టుకెళ్లండి. ఏ తేదీన ఎంత నీరు తీశారో అదే కవరు మీద రాసుకోండి.