బూడిద కింద రాళ్ళు, బూడిద పైన రాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

యాగంటి వెళ్ళినవాళ్ళందరికీ బనగానపల్లె తెలుసు. వెళ్ళనివాళ్ళకు మామిడిపండు వల్ల తెలుసు. ఆ బనగానపల్లె దగ్గర్లోనే, నంద్యాల జిల్లాలో, జ్వాలాపురం అని ఒక ఊరుంది. జుర్రేరు లోయలో చిన్న ఊరు. మన దగ్గర ఆ పేరు విన్నవాళ్ళు తక్కువే గానీ, ఆదిమానవుల గురించి పరిశోధించేవాళ్ళకు ఏ దేశంలోనైనా తెలుసు. నాకిచ్చిన ఈ కాస్త సమయాన్నీ ఇవాళ ఆ ఊరికే ఇస్తాను.

అక్కడ నేల తవ్వితే తెల్లటి బూడిద బయటపడుతుంది. చూడటానికి పిండిలా ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే సన్నగా గరగరలాడుతుంది. కొన్నిచోట్ల ఆ పొర మందం రెండున్నర మీటర్లు, అంటే మనిషి నిలువు కంటే ఎక్కువ. ఊళ్ళోవాళ్ళు దాన్ని తవ్వి అమ్మేవాళ్ళు. గిన్నెలు తోమే పౌడర్లలో కలపడానికి లారీలకెత్తేవాళ్ళు.

మా అమ్మమ్మ కూడా బూడిదతోనే తోమేది. పొయ్యిలో బూడిద, గుప్పెడు కొబ్బరిపీచు, అంతే, ఇత్తడి బిందె తళతళలాడేది. కానీ జ్వాలాపురం బూడిద ఏ పొయ్యిలోదీ కాదు. మైక్రోస్కోపు కింద పెడితే అది గాజు. వంపు తిరిగిన సన్నటి పెంకులు, అచ్చం పగిలిన చేతిగాజుల ముక్కల్లా కనిపిస్తాయి. కరిగిన రాతిలో వాయువు బుడగలు కట్టి, ఆ బుడగలు ఒక్కసారిగా పగిలితే మిగిలిన పెంకులవి. గిన్నెకంటిన జిడ్డును గీకిపారేసేది ఆ పెంకుల అంచులే.

మరి అంత బూడిద ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి. అక్కడ తోబా అనే అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ళ కిందట పేలింది. గత 20 లక్షల ఏళ్ళలో అంత పెద్ద పేలుడు మరొకటి లేదు. ఆ పేలుడు మిగిల్చిన గొయ్యి ఇవాళ ఒక సరస్సు. పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి బంగాళాఖాతం దాటి, సుమారు 2,600 కిలోమీటర్ల దూరం ఆ బూడిద గాల్లో వచ్చి మన నేల మీద రాలింది. నేరుగా ఆకాశం నుంచి పడింది కొన్ని సెంటీమీటర్లే. తర్వాత వానలకు చుట్టుపక్కల గుట్టల మీదిదంతా కొట్టుకొచ్చి, పల్లంలో పేరుకుని అంత మందమైంది. ఒక్కో అగ్నిపర్వతం గాజుకు ఒక్కో రసాయన గుర్తు ఉంటుంది, మన వేలిముద్ర లాగా. ఆ గుర్తును బట్టే ఇది తోబాదని తేల్చారు.

ఇంతవరకూ ఇది భూగర్భశాస్త్రం. మనుషుల కథ ఇక్కడ మొదలవుతుంది.

1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక వాదన తెచ్చారు. తోబా పేలాక ఆకాశమంతా కమ్ముకుపోయి, ఏళ్ళ తరబడి చలి పట్టి, మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందనీ, కొన్ని వేలమందే మిగిలారనీ ఆయన అన్నారు. చాలామంది నమ్మారు. నేనూ నమ్మాను, కాలేజీలో పిల్లలకు అలాగే పాఠం చెప్పాను.

అది నిజమో కాదో తేల్చడానికి ఒక చోటు కావాలి. బూడిద పడకముందు నేల, బూడిద, బూడిద పడ్డాక నేల, మూడూ ఒకదాని మీద ఒకటి చెదరకుండా ఉండాలి. జ్వాలాపురంలో అవి అలాగే ఉన్నాయి. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ళ బృందాలు అక్కడ తవ్వకాలు జరిపి, 2007లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించాయి.

ఏం దొరికాయి? బూడిద కింద రాళ్ళు. బూడిద పైన రాళ్ళు. మామూలు రాళ్ళు కావు, మనిషి చేత్తో చెక్కిన రాతి పనిముట్లు. ఒక గుండుతో ఇంకో రాయిని కొట్టి, పెచ్చు లేపి, దాని అంచుతో మాంసం కోసుకున్నారు, కర్ర చెక్కుకున్నారు. కింది పనిముట్లనూ పైవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ చెక్కే తీరులో పెద్ద తేడా లేదు. అదే చేతివాటం. అంటే, పేలుడుతో అక్కడ మనుషులు తుడిచిపెట్టుకుపోలేదని అనిపిస్తుంది.

వాటి వయసెలా తెలుసుకున్నారో చెప్పకుండా ఉండలేను. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసినప్పటి నుంచీ చుట్టూ ఉన్న మట్టిలోని రేడియోధార్మికత నుంచి వచ్చే శక్తిని కొంచెం కొంచెంగా తనలో దాచుకుంటుంది. ప్రయోగశాలలో దాని మీద వెలుతురు వేస్తే ఆ దాచుకున్నదంతా సన్నటి కాంతిగా బయటికి వస్తుంది. ఆ కాంతిని కొలిచి, ఎన్ని వేల ఏళ్ళు చీకట్లో ఉందో లెక్కకడతారు. అందుకే ఆ ఇసుకను గొట్టం దిగ్గొట్టి, ఎండ తగలకుండా తీస్తారు. ఒక్కసారి ఎండ తగిలిందా, లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు.

ఈ పరిశోధనతో అంతా తేలిపోయిందని నేను చెప్పను. ఆ పనిముట్లున్న పొరల్లో మనిషి ఎముకలు దొరకలేదు. కాబట్టి ఆ పనిముట్లు చెక్కింది మనలాంటి మనుషులా, అంతకు ముందరి మానవజాతా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. పైగా ఆ వయసుల లెక్కలో కొన్ని వేల ఏళ్ళు అటూ ఇటూ ఉంటుంది. పేలుడు తర్వాత వాళ్ళు అక్కడే నిలిచారా, లేక వెళ్ళిపోయి కొన్ని తరాల తర్వాత ఇంకెవరైనా వచ్చారా? పొరలు అంత సూక్ష్మంగా చెప్పలేవు. పేలుడు తర్వాత మధ్యభారతంలో అడవులు పలచబడ్డాయని 2009లో ఇంకో బృందం చూపించింది. కష్టమైతే వచ్చింది.

కానీ ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చూడండి. 2020లో మధ్యప్రదేశ్‌లో, సోన్ నది లోయలోని ఢాబా అనే చోట, 80,000 ఏళ్ళ నుంచి 65,000 ఏళ్ళ దాకా పనిముట్లు తెగకుండా కనిపించాయని ప్రకటించారు. 2024లో ఇథియోపియా నుంచి ఇంకో ఫలితం వచ్చింది. అక్కడ షిన్ఫా నది ఒడ్డున మనుషులున్న చోట తోబా గాజు దొరికింది, కంటికి కనిపించనంత సన్నటిది. ఆ పొర తర్వాత నిప్పుకోడి గుడ్ల పెంకులు కరువును చూపిస్తున్నాయి. మరి మనుషులు? చేపలు ఎక్కువగా తిన్నారు. ఏరు ఎండి మడుగులైతే చేపలు చేతికందుతాయి కదా. ఎండాకాలంలో చెరువు అడుగంటితే మన ఊళ్ళో పిల్లలు చేసే పనే అది. ఈ ఒక్క వివరం చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

ఇప్పుడు ఒక్క మాట మీకు చెప్పాలి. అసలు దీనికోసమే ఇవాళ వచ్చాను.

కొన్నేళ్ళ కిందట నా దగ్గర చదివే ఒక అబ్బాయి సంచీనిండా రాళ్ళు తెచ్చాడు. “మేడమ్, మా చేలో జేసీబీతో గుంట తవ్వుతుంటే వచ్చాయి” అన్నాడు. చూస్తే, అందులో నాలుగైదు చక్కగా చెక్కిన పెచ్చులు. నాకు గుండె ఝల్లుమంది. “ఎంత లోతులో దొరికాయి నాన్నా?” అన్నాను. “తెలీదు మేడమ్, అన్నీ ఏరి కడిగి తెచ్చాను” అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ సంగతి వాడికి నేనే ఎప్పుడూ చెప్పలేదు.

జ్వాలాపురంలో రాయికి విలువ వచ్చింది అది బూడిదకు కింద ఉందా, పైన ఉందా అన్నదాన్ని బట్టి. ఏరి సంచిలో వేస్తే కింద పైన అన్నది ఇక ఉండదు.

అందుకని, మీ చేలోనో, వాగు గట్టునో, పునాది గుంటలోనో పదునైన అంచున్న రాతి పెచ్చులు ఒకేచోట గుంపుగా కనిపిస్తే, తెల్లటి మెత్తటి బూడిద చార కనిపిస్తే, ముట్టుకోకండి. కడగకండి. ఫోన్ తీసి, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. ముందు దగ్గర్నుంచి, తర్వాత గుంట మొత్తం కనిపించేలా దూరం నుంచి. పక్కన ఒక పెన్నో రూపాయి బిళ్ళో పెట్టండి, సైజు తెలుస్తుంది. పైనుంచి ఎన్ని జానల లోతులో ఉందో కొలిచి కాగితం మీద రాయండి. ఆ కాగితం, ఆ ఫొటోలు మీ జిల్లాలో పురావస్తు శాఖవాళ్ళకు గానీ, దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవాళ్ళకు గానీ చూపించండి. వాళ్ళు వచ్చేదాకా గుంట మీద ఒక పాత గోనెపట్టా కప్పి ఉంచితే చాలు.

సెలవు.