వంటింటి గోడ మీద గాజు ముక్క
(గ్రంథాలయ వారోత్సవాల్లో, చిత్తూరులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పని మానుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం. చదివే అలవాటు మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను, ముందు మా వంటింటి గోడ సంగతి చెప్పనీయండి.

మా ఊరికి అర మైలు దూరంలో కంకర క్వారీ ఉంది. గ్రానైటు దిమ్మలు తీసేవాళ్ళు రాయి చెడుతుందని పేలుడు మందు చూసి వాడతారు, వైరు రంపంతో కోస్తారు. కంకరకు ఆ బెంగ లేదు, ఎంత పగిలితే అంత మంచిది. మధ్యాహ్నం మందు పేలిందంటే అటక మీద గిన్నెలు గలగలమంటాయి, మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికి వస్తుంది.

తలుపు మూల నుంచి బీట పైకి పాకింది. మా మేస్త్రీ దాని మీద అడ్డంగా ఒక గాజు ముక్క పెట్టి రెండు కొసలా సిమెంటుతో అతికించాడు. 'ఇది విరిగితే బీట ఇంకా నడుస్తోందని లెక్క సార్' అన్నాడు. మూడు వారాల్లో విరిగింది. అర్జీ పెడితే చూడ్డానికి వచ్చినాయన దాన్ని ముట్టుకోకుండానే, ఇల్లు పాతది, పునాది లోపం అనేశాడు. క్వారీ మనిషి ఇంకో మెట్టు ఎక్కాడు: మేం రాకముందు గోడ బాగుండేదని రుజువు ఉందా? ఉందండీ! గృహప్రవేశం ఆల్బం చూపించాను, మా మేనత్త వెనక నున్నటి గోడ. ఇరవై ఏళ్ళ కిందటి ఫోటో చెల్లదన్నాడు.

బాగున్న గోడకు ఎవరైనా ఏటా ఫోటో తీస్తారా, చెప్పండి? మందు పెట్టేవాడు కదా ముందే వచ్చి చుట్టూ ఇళ్ళు చూసి రాసుకోవాల్సింది.

కొలత లేదా అంటే ఉంది. గనుల భద్రత డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, ఇతరుల ఇళ్ళ దగ్గర నేల అదురు వేగం, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని బట్టి, సెకనుకు 5, 10, 15 మిల్లీమీటర్లు దాటకూడదు. ఊపు నెమ్మదిగా వచ్చేదైతే హద్దు అన్నిటికన్నా తక్కువ, 5 మాత్రమే, ఎందుకంటే ఇల్లు ఊగేది దానికే. కానీ ఆ కొలిచే మిషను, కొలత రాసిన కాగితం, రెండూ క్వారీ వాళ్ళ దగ్గరే ఉంటాయి. పంచాయతీకి ఒక కాపీ ఇవ్వమని అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

గనుల వాళ్ళు కట్టే డబ్బుతో గనుల పక్క ఊళ్ళ కోసం పెట్టిన జిల్లా ఖనిజ నిధి ఉంది కదా అంటారు. ఆ డబ్బుతో వేసిన రోడ్డు నా గోడను అతకదు.

ఇక చదువు సంగతికి వస్తాను. పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ కోసం 2010లో చేసిన చట్టం 15వ సెక్షన్‌లో ఆస్తి నష్టానికి పరిహారం అడగొచ్చని ఉంది. పర్యావరణ చట్టాల కిందికి వచ్చే నష్టం కావాలి, కారణం మొదలైన అయిదేళ్ళలో అడగాలి. మన దక్షిణ బెంచి చెన్నైలో, రైలెక్కితే పూటలో చేరతాం. ఈ ముక్క నాకు తెలిసేసరికి అర్జీలు పట్టుకొని తిరగడంలోనే నాలుగేళ్ళు పోయాయి.

ఆ చట్టం తెలుగులో ఉందా అని ఇక్కడే అడిగాను, లేదన్నారు. లైబ్రేరియన్ గారూ, వచ్చే వారోత్సవాలకు తెప్పించండి. ఇక్కడ క్వారీ పక్క ఊళ్ళవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి... అమ్మో, ఇంతమందా! మీరు వెళ్ళకండి, టీ అయ్యాక మేస్త్రీ గాజు ముక్క ఎలా పెట్టాలో చూపిస్తాడు.