చెత్త కోసం మళ్ళీ వెళ్ళిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

ధ్రువ యాత్ర చేసొచ్చిన మనిషి బడికి వస్తే పిల్లలు ఏమడుగుతారనుకుంటున్నారు? కర్బన ఉద్గారాల గురించి మాత్రం అడగరు. ఎలుగుబంటి కనబడిందా? అంత చలిలో మూత్రానికి ఎలా వెళ్ళారు? కాలివేళ్ళు ఊడిపోయాయా? ఇవీ వాళ్ళ ప్రశ్నలు. నాకు ఈ ప్రశ్నలే నచ్చుతాయి. పిల్లలకు వాతావరణం గురించి గ్రాఫులతో మొదలుపెట్టేవాళ్ళ కంటే కాలివేళ్ళతో మొదలుపెట్టేవాళ్ళే నయం.

రాబర్ట్ స్వాన్ అలాంటి మనిషి. ఇంగ్లండ్ ఆయనది. రెండు ధ్రువాలకూ నడిచి వెళ్ళిన మొట్టమొదటి వ్యక్తి. ఆ తర్వాతి జీవితమంతా అంటార్కిటికా గురించి కుర్రకారుతో మాట్లాడుతూనే ఉన్నారు. రికార్డులు పక్కన పెట్టి, నాకు బాగా ఇష్టమైన ముక్క ఒక్కటే చెబుతాను.

1985 నవంబరు. అంటార్కిటికా తీరం నుంచి ముగ్గురు బయల్దేరారు. స్వాన్, రోజర్ మియర్, గారెత్ వుడ్. 1912లో కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువం చేరి, తిరుగుదారిలో ప్రాణం పోగొట్టుకున్నాడే, ఆ దారిలోనే నడక. సుమారు 1400 కిలోమీటర్లు. ఒక్కొక్కరి వెనక 160 కిలోల స్లెడ్జి, అంటే మంచు మీద లాక్కెళ్ళే సామాను బండి. లాగడానికి కుక్కలు లేవు, యంత్రాలు లేవు, రేడియో కూడా లేదు. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పడం నాకే ఎలాగో ఉంది, కానీ నిజంగానే లేదు. 70 రోజులు బయటి లోకం నుంచి ఒక్క కబురు వినకుండా నడిచారు. మనకి పది నిమిషాలు ఫోన్ సిగ్నల్ పోతే టెన్షన్.

70 రోజులూ నడుము వంచి లాగడమే. అక్కడ వేసవిలో పొద్దు గుంకదు. ఎండ పైనుంచి ఒకసారి, మంచు మీద పడి ఎగసి ఇంకోసారి మొహాన్ని కాలుస్తుంది. స్వాన్ మొహం బొబ్బలెక్కింది. కళ్ళ రంగే మారిపోయిందని చెబుతారాయన. ఎండలోని హానికర కిరణాల్ని ఆపే ఓజోన్ పొర వాళ్ళ నెత్తిన పలచబడి ఉంది మరి. ఆ సంగతి బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టింది కూడా 1985 మే నెలలోనే.

ఇక్కడ కాస్త ఆగుదాం. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా ఓజోన్ చిల్లునీ భూమి వేడెక్కడాన్నీ కలిపేస్తుంటారు. రెండూ వేరు. ఓజోన్‌ని తినేసింది ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన సీఎఫ్‌సీలు అనే రసాయనాలు. 1987లో మాంట్రియల్‌లో చాలా దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి, ఒక్కొక్కటిగా వాటిని మానేశాయి. అంటార్కిటికా మీద ఆ పొర 2066 ప్రాంతానికి కోలుకుంటుందని అంచనా. ఇక భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం బొగ్గు, చమురు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్. దాని దగ్గర మనం ఇంకా తడబడుతూనే ఉన్నాం. పిల్లలకు రెండూ చెప్పాలి. భయపెట్టే కథే చెబుతూ పోతే చెవులు మూసుకుంటారు.

సరే, మళ్ళీ మంచులోకి. 1986 జనవరి 11న ధ్రువం చేరారు. చేరగానే విన్న కబురు, తమ ఓడ మునిగిపోయిందని. సదరన్ క్వెస్ట్ దాని పేరు. దాదాపు అదే సమయంలో మంచుగడ్డల మధ్య నలిగిపోయింది. అందులోవాళ్ళంతా క్షేమం. స్వాన్ విమానంలో తిరిగొచ్చారు. ఓడలో, తీరంలో ఉన్నవాళ్ళతో కలిపితే పెద్ద బృందమే అది. అందులో ముగ్గురు మాత్రం చలికాలమంతా తీరంలోని గుడిసెలో ఉండిపోయారు.

కథ ఇక్కడే అయిపోయి ఉంటే నేను మీకు చెప్పేదాన్ని కాదు. 1987లో స్వాన్ ఓడ తీసుకుని మళ్ళీ వెళ్ళారు. ఆ ముగ్గురినీ తెచ్చారు. అక్కడ ఉండిపోయిన విమానాన్ని తెచ్చారు. చెత్త కూడా తెచ్చారు. అవును, చెత్త! చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు, పెంగ్విన్లు ఫిర్యాదు చెయ్యవు. అయినా వెళ్ళి తెచ్చారు. ఆ చలిలో ఏదీ అంత తేలిగ్గా కుళ్ళదు. 1911లో స్కాట్ మనుషులు కట్టుకున్న గుడిసెలో వాళ్ళ డబ్బాలు ఇవాళ్టికీ ఉన్నాయి. మనం పడేసిన డబ్బా మన మునిమనవల కోసం అక్కడే కూర్చుని ఉంటుంది.

తర్వాత కింగ్ జార్జ్ దీవిలో ఒక రష్యన్ పరిశోధన కేంద్రం దగ్గర పేరుకున్న 1000 టన్నులకు పైగా చెత్తను కూడా ఎత్తించారు. ఈలోగా 1991లో మాడ్రిడ్‌లో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. అంటార్కిటికాలో గనులు తవ్వకూడదు, పోగుపడే చెత్తలో చాలా రకాలు వెనక్కి తెచ్చుకోవాల్సిందే. ఆ ఒప్పందం వల్లే 1994 నాటికి స్లెడ్జి కుక్కల్ని కూడా పంపించేశారు, పాపం.

ఇక టీచర్లను నేనడిగేది ఒక్కటే. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, క్లాసులో చెత్తబుట్ట తీసేయండి. ఒక్కొక్కరికీ ఒక సంచి. చింపిన కాగితం, పెన్సిల్ చెక్కుడు, అయిపోయిన రీఫిల్, బిస్కెట్ రేపర్, అన్నీ అందులోకే. ఆటలకెళ్ళినా సంచి వెంటే ఉండాలి, ఇంటికీ వెంటే వెళ్ళాలి. టీచర్ కూడా మొయ్యాలి సుమా! బడి వదిలేముందు ఒకసారి తూకం వెయ్యండి, చాలు. ఉపన్యాసం వద్దు. సంచి మాత్రం లోపలున్నది బయటికి కనబడే పాతదేదైనా చూడండి. కొత్తది కొన్నారో, రేపు దాన్నీ మొయ్యాలి.

నమస్కారం.