క్రాన్‌బెర్రీ డబ్బా, గ్రీకు అక్షరాలు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న మా అన్నయ్య కూతురు మొన్న ఫోన్ చేసింది. "బాబాయ్, ఫై కప్పా ఫై అని గ్రీకు అక్షరాల పేరుతో, బాగా చదివేవాళ్లను చేర్చుకునే ఒక హానర్ సొసైటీ నుంచి మెయిల్ వచ్చింది. చేరాలంటే డబ్బు కట్టాలట. ఇది స్కామా?" అని ఒకటే టెన్షన్.

డబ్బు మాట రాగానే అనుమానపడటం మంచిదే. ఇలాంటి పేర్లు పెట్టుకుని సర్టిఫికెట్లు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఇది మాత్రం ఆ బాపతు కాదు.

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఓరోనో అనే ఊరుంది. అక్కడ వ్యవసాయం, యంత్రవిద్యలు నేర్పే సర్కారు కాలేజీకి 1897లో యూనివర్సిటీ అని పేరు మార్చారు. ఆ ఏడే, అక్కడ చదువుతున్న మార్కస్ యురాన్‌కి ఒక ఆలోచన వచ్చింది. బాగా చదివేవాళ్లను గౌరవించే సంఘాలు అప్పటికే ఉన్నాయి. 1776లో వర్జీనియాలో పుట్టిన ఫై బీటా కప్పా సాహిత్యం, శాస్త్రాలు చదివేవాళ్లది. 1885లో పెన్సిల్వేనియాలో మొదలైన టౌ బీటా పై ఇంజనీర్లది. మరి వ్యవసాయం చదివే కుర్రాడి సంగతేంటి? ఎవరి పంక్తి వాళ్లదిగా ఉన్నచోట, యురాన్ అందరికీ కలిపి ఒకే విస్తరి వరస వేయించాడు. అలా పుట్టిందే ఫై కప్పా ఫై. పదిమంది సీనియర్ విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు, యూనివర్సిటీ ప్రెసిడెంటు. అంతే, 13 మంది. 1900 నాటికి టెన్నెసీ, పెన్సిల్వేనియాల్లోని ప్రభుత్వ విద్యాసంస్థలు కూడా చేయి కలిపాయి.

ఇలాంటి సంఘం ఒక యూనివర్సిటీలో చాప్టర్, అంటే శాఖ, పెట్టడమంటే బోర్డు తగిలించి రిబ్బను కత్తిరించడం అనుకునేరు. ఫై బీటా కప్పానే చూడండి. అనుమతి పత్రం యూనివర్సిటీ పేరు మీద రాదు, అక్కడి అధ్యాపకుల్లో ఆ సంఘం సభ్యులైనవాళ్లకు ఇస్తారు. వీసీగారు తలుచుకుంటే అయ్యే పని కాదన్నమాట. అర్జీ పెట్టాలి, పరిశీలకులు క్యాంపస్‌కి వచ్చి చూడాలి, చివరికి మూడేళ్లకోసారి జరిగే మహాసభలో ఓటు పడాలి. అమెరికా కాలేజీల్లో దాదాపు పదింట ఒకదానికే ఆ చాప్టర్ ఉంది. న్యాక్ బృందం వస్తోందనగానే గోడలకు సున్నాలు కొట్టించే మన కాలేజీలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

ఇంతకీ అమ్మాయి మూడో సంవత్సరం. ఫై కప్పా ఫై ఆ ఏడాదివాళ్లలో పై ఏడున్నర శాతాన్నే పిలుస్తుంది. "అయినా ఆ మెయిల్ అసలుదో కాదో ఒకసారి మీ ప్రొఫెసర్‌ని అడుగు" అన్నాను.

తర్వాత యురాన్ కథ చెప్పాను. అతను లాయరై, ఆ పైన క్రాన్‌బెర్రీ తోటల్లోకి దిగి, 1912లో ఆ పళ్ల సాస్‌ని డబ్బాల్లో పెట్టి అమ్మాడు. 1930లో తోటి రైతులతో కలిసి మొదలుపెట్టిన సహకార సంఘమే ఓషన్ స్ప్రే.

"అయ్యో బాబాయ్, ఆ డబ్బా మా రూమ్‌లోనే ఉంది! పులుపని ఎవరూ తెరవలేదు" అంది.

గోంగూర తిని పెరిగిన పిల్ల!