నైరోబీ – జోహన్నెస్‌బర్గ్: ఈ యాప్ చెప్పే ఫ్లైట్ టైమ్ నమ్మొచ్చా?

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ డిస్టెన్స్ యాప్ వాళ్లు ప్రీమియం ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, స్క్రిప్టూ చూడలేదు. ఫీచర్ల లిస్టు ప్లే స్టోర్‌లో ఉంది, మళ్లీ చదవను. నేరుగా నైరోబీ, జోహన్నెస్‌బర్గ్ కొడదాం.

2,910 కిలోమీటర్లు. కరెక్టే. కాకపోతే ఊరి పేరు కొట్టి ఊరుకోకండి. నైరోబీలో జోమో కెన్యాటా ఎయిర్‌పోర్టుతో పాటు చిన్న విమానాల విల్సన్ ఉంది, జోహన్నెస్‌బర్గ్‌లోనేమో ఓ.ఆర్. టాంబో కాక లాన్సేరియా ఉంది. ఎన్‌బీఓ (జోమో కెన్యాటా), జేఎన్‌బీ (ఓ.ఆర్. టాంబో) అని ఎయిర్‌పోర్టు కోడ్‌లే కొట్టండి. ఇది గాల్లో దూరం సుమా. రోడ్డున పోతే నమంగా, టుండుమా, చిరుండు, బెయిట్‌బ్రిడ్జ్ బోర్డర్లు దాటుకుంటూ దాదాపు 4,000.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లైట్ టైమ్ 4 గంటల 8 నిమిషాలట. ఆ ఎనిమిది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియాలంటే కిన్షాసా, బ్రాజవిల్ కొట్టి చూడండి. కాంగో నదికి అటొకటి ఇటొకటి ఉన్న రాజధానులు. మధ్యలో వంతెన లేదు, జనం పడవల్లో దాటతారు. ఎయిర్‌పోర్టుల మధ్య 26 కిలోమీటర్లు. యాప్ ఏమంటోంది? 32 నిమిషాలు! దొరికిపోయింది. గంటకి 800 చొప్పున భాగించి, పైన గుడ్డిగా అరగంట కలుపుతోంది. మన 2,910కి అదే లెక్క వేయండి, 3 గంటల 38, ప్లస్ అరగంట. ‘స్మార్ట్ ఎస్టిమేట్’ అని డబ్బులు అడిగేది దీనికే.

నైరోబీ రూటు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి ఈ లెక్క ఏదోలా గట్టెక్కింది. కేప్‌టౌన్–డర్బన్ కొడితే బండారం బయటపడుతుంది. పోయేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. యాప్‌కి రెండూ ఒకటే. పైగా ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్ లెక్కేసేది బ్లాక్ టైమ్, అంటే ఈ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దగ్గర క్యూలో నిలబడే సమయం కూడా అందులోనే.

నాకు ఒళ్లు మండింది మాత్రం ట్రిప్ ప్లానర్ చూసి. కెన్యా గడియారం దక్షిణాఫ్రికా కంటే గంట ముందు, ఏడాది పొడవునా అంతే. టికెట్ మీద నైరోబీలో 8:00, జోహన్నెస్‌బర్గ్‌లో 11:15 అని ఉంటే ప్రయాణం మూడుంపావు కాదు, నాలుగుంపావు. తిరుగు టికెట్‌లో 12:00, 17:00 అని ఉంటే అయిదు గంటలు కాదు, నాలుగే. ఈ యాప్ ఏం చేస్తోందంటే, బయల్దేరే టైమ్‌కి తన 4:08 కలిపేసి ‘అరైవల్’ అని చూపిస్తోంది! మధ్యాహ్నం పన్నెండుకి జోహన్నెస్‌బర్గ్‌లో ఎక్కితే 4:08కి దిగుతారట. నైరోబీ గోడ మీద గడియారంలో అప్పటికి 5:08. దిగి ముంబై విమానం పట్టుకోవాల్సిన మనవాళ్లకి లేని గంట ఉన్నట్టు కనిపిస్తుంది. కనెక్షన్ తప్పేది ఇలాంటప్పుడే. రెండు టికెట్లూ విడివిడిగా కొనుంటే రెండోది పోయినట్టే.

మ్యాప్ అందంగా ఉంది, ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది, ఒప్పుకుంటా. అయినా ప్రీమియం వద్దే వద్దు. దూరానికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైట్‌లో ఎన్‌బీఓ, హైఫన్, జేఎన్‌బీ కొడితే ఊరికే వస్తుంది. టైమ్‌కి ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్ చూసుకోండి, గంట తేడా మీరే సరిచేసుకోండి.